మన ఇండ్లలో పాత ఆటపెట్టె

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దల సామెత. సామెతలు లోకానుభవమునుండి పుట్టినవే. అయినా ఈ సామెత అన్ని వస్తువుల విషయములోను చెల్లదని గత నలభై ఏండ్ల చరిత్ర చూపుతున్నది. టెలివిజనుకు తగిలించి ఆడుకొనే పెట్టె, మన పిల్లలు "వీడియో గేము" అని పిలిచేది, అటువంటి వస్తువులలో ఒకటి. కొత్త పెట్టె బజారులోనికి వచ్చిన తరువాత కూడ పాతదానితోనే తృప్తిపడిన ఇండ్లు మనలో ఎన్నో ఉన్నవి. కొత్తదానిని కొని, కొన్నాళ్లు ఆడి, మరల అటకమీది పాతపెట్టెను దింపుకొన్న ఇండ్లూ ఉన్నవి.

ఉగాది సంచికలో పిల్లల ఆటవస్తువును గురించి వ్యాసమేమిటని కొందరు అడుగవచ్చును. ఒక ఊరినుండి మరియొక ఊరికి వచ్చి స్థిరపడిన మనవంటి కుటుంబములకు, ఇల్లు మారిన ప్రతిసారి ఒక ప్రశ్న ఎదురవుతుంది: దేనిని వెంట తీసుకొనిపోవలెను? దేనిని పారవేయవలెను? ఆ ప్రశ్నకు ఈ చిన్న పెట్టె చరిత్ర కొంత సమాధానము చెప్పగలదని మా నమ్మకము.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలవారికి పాతదీ కొత్తదీ రెండూ కలుపుకొని బ్రతకడము కొత్త విద్య కాదు. 2007లో కోలారు జిల్లానుండి విడివడి వేరు జిల్లా అయిన ఈ ప్రాంతములో, ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, ఉద్యోగములో ఇంగ్లీషు. ఒకటి వచ్చినదని మరియొకటి పోలేదు. చింతామణి దగ్గరి కైవారము నారాయణ తాతయ్యగారు తెలుగులోను కన్నడములోను కీర్తనలు చెప్పినారు. చిక్కబళ్లాపురము దగ్గరి ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు నూతన యంత్రనిర్మాణములకు పేరుపొందినవారు. అయినా పూర్వులు విడిచివచ్చిన ఆంధ్రదేశపు పల్లె మోక్షగుండము ఆయన పేరుకు ముందు చివరివరకు నిలిచియే ఉన్నది. ఇటువంటి ఊళ్లలో పాత ఆటపెట్టె నిలిచినదంటే అందులో ఆశ్చర్యము లేదు.

ఇక అసలు చరిత్రకు వత్తము.

టెలివిజనుకు తగిలించే ఆటపెట్టెలు అమెరికాలో 1970ల నాటికే ఉన్నవి. 1977లో వచ్చిన అటారీ పెట్టె వాటిలో ప్రసిద్ధమైనది. కాని నాసిరకపు ఆటలు కుప్పలుగా వచ్చిపడి, 1983లో ఆ వ్యాపారము అక్కడ కుప్పకూలినది. అమ్ముడుపోని సరకును అటారీవారు న్యూ మెక్సికో రాష్ట్రములోని అలమగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టించినారు. 2014లో ఆ దిబ్బను తవ్వి సుమారు 1,300 క్యాసెట్లను వెలికితీయగా, వాటిలో ఒకటి అమెరికా దేశపు స్మిత్సోనియన్ మ్యూజియమునకు చేరినది! ముప్పై ఏండ్ల క్రితము చెత్త అనుకొన్నది ఇప్పుడు మ్యూజియము వస్తువు. పారవేసే ముందు ఒకసారి ఆలోచించవలెననడానికి ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

అదే 1983వ సంవత్సరము జూలై 15వ తేదీన జపానులో నింటెండో కంపెనీవారు "ఫ్యామిలీ కంప్యూటర్" అనే పెట్టెను విడుదల చేసినారు. దానిని రూపొందించిన ఇంజనీరు మసాయుకి ఉయెమురా. పేరులోనే కుటుంబము ఉన్నది. రెండు రిమోట్లు పెట్టెకే తీగెలతో కట్టబడి ఉండేవి. ఒకటే కొని రెండవది తరువాత చూతమనుకొనే వీలు లేదు. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి ఆడవలెననే ఉద్దేశము ఆ తయారీలోనే ఉన్నదన్నమాట.

ఆ పెట్టె శక్తి ఎంతో తెలిస్తే ఈనాటి పిల్లలు నవ్వుదురు. పని చేసుకొనడానికి దానికున్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. 1985లో వచ్చిన మారియో ఆట అంతా కలిపి 40 కిలోబైట్లు. ఇప్పుడు మనము ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఇరుకు చోటులో ఎట్లు సర్దినారు? ఆకాశములో కనిపించే మేఘము బొమ్మనే రంగు మార్చి నేలమీద పొదగా వాడుకొన్నారు. మన అవ్వలు పాతచీరను పారవేయక బొంతగా కుట్టిన నేర్పు ఇటువంటిదే. లేమిలోనుండి పుట్టిన ఈ పొదుపువలననే ఆ ఆటలు సూటిగా, తేటగా ఉన్నవి. నియమములు చెప్పనక్కరలేదు; రిమోటు చేతికిస్తే అయిదేండ్ల పిల్లవాడు కూడ రెండు నిమిషములలో గ్రహిస్తాడు.

జపానువారి పెట్టె అన్ని దేశములకు సూటిగా రాలేదు. దిగుమతి సుంకములు ఎక్కువగా ఉన్నచోట్ల, విదేశీ వస్తువు దొరకనిచోట్ల, తైవాను మొదలైన ప్రదేశములలో తయారైన నకలు పెట్టెలు ప్రవేశించినవి. రష్యాలో 1992లో "డెండీ" అనే పేరుతో వచ్చినది. పోలండులో "పెగాసస్" అన్నారు. బ్రెజిలులో మాత్రము టెక్‌టాయ్ అనే కంపెనీవారు 1989లో జపానుకు చెందిన సేగా కంపెనీ అనుమతితోనే వారి మాస్టర్ సిస్టమ్ పెట్టెను అక్కడనే తయారుచేసి అమ్మసాగినారు. జపానువారు దానిని మరచిపోయిన తరువాత కూడ దశాబ్దములకొద్దీ బ్రెజిలులో అది అమ్ముడుపోయినది. ఏ వస్తువు ఎప్పుడు పాతబడవలెనో తయారుచేసినవాడే నిర్ణయించలేడని ఈ దేశముల చరిత్ర చెపుతున్నది.

మన దేశములో రంగుల టెలివిజను 1982లో వచ్చినది. 1987, 88 సంవత్సరములలో రామాయణము ధారావాహికను చూడడానికి వీధి వీధి ఒక ఇంటిలో చేరిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అట్లు ఇండ్లలోనికి వచ్చిన టెలివిజనే తరువాత ఆటపెట్టెకు చోటు కల్పించినది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాతి సంవత్సరములలో "సమురాయి", "లిటిల్ మాస్టర్", "మీడియా" అనే పేర్లతో పెట్టెలు మన దేశమంతటా వ్యాపించినవి. మన తాలూకాలకు బెంగుళూరు పెద్ద బజారు. ఎస్.పి. రోడ్డులో రేడియో సామానులు, తీగెలు, అడాప్టర్లు దొరికే దుకాణములు మనవారికి పరిచయమే. వేసవి సెలవులకు ఊరికి వచ్చే మేనమామలు, చిన్నాన్నలు సంచిలో పెట్టుకొని తెచ్చే వస్తువులలో ఆటపెట్టె ఒకటైనది.

జపానువారు ఆటబిళ్లను ఏమని పిలిచినా, మన పిల్లలు దానిని "క్యాసెట్టు" అన్నారు. ఇంటింటికి ఒకటో రెండో క్యాసెట్లుంటే, వీధికి పది ఉన్నట్లే. ఒకరి కాంట్రా మరియొకరి ఇంటికి, వారి మారియో వీరి ఇంటికి పోయేది. తెలుగు ఇంటి పిల్లవాడు, కన్నడ ఇంటి పిల్లవాడు, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడు ఒకే చాపమీద కూర్చుండి ఆడినారు. కొత్తగా ఊరికి వచ్చిన కుటుంబపు పిల్లలకు వీధిలో స్నేహము కుదిర్చినది ఎక్కువగా ఈ క్యాసెట్ల మార్పిడియే. కరెంటు పోతే అందరూ లేచి వీధిలోనికి వచ్చి గచ్చకాయలో, బిళ్లంగోడో ఆడేవారు. కరెంటు వస్తే మరల లోపలికి. పాత ఆటకు కొత్త ఆటకు మధ్య గడపే అడ్డము.

మంచిని చెప్పినప్పుడు చెడ్డను దాచడము చరిత్ర కాదు. ఆ పెట్టెలలోను క్యాసెట్లలోను చాలభాగము అసలు తయారీదారులకు పైసా చెల్లించని నకళ్లు. "9999999 ఆటలు ఒక్కదానిలో" అని పైన అచ్చువేసి లోపల పదో ఇరవయ్యో ఆటలనే మార్చి మార్చి పేర్లు పెట్టేవారు. కొన్ని ఆటలలో కాల్చడము తప్ప వేరు పనియే లేదు. చదువులు చెడుతున్నవని తల్లిదండ్రులు పెట్టెను బీరువాలో పెట్టి తాళము వేసిన మాటా నిజమే. పాతది కాబట్టి గొప్పదని మేము చెప్పబోము.

ఆటపెట్టెల చరిత్రలో రెండవ ఘట్టము సోనీ కంపెనీవారి ప్లేస్టేషనుతో మొదలైనది. మొదటిది 1994 డిసెంబరులోను, ప్లేస్టేషన్ 2 అనేది 2000 మార్చిలోను జపానులో విడుదలైనవి. ఈ రెండవ పెట్టె మొదటి పెట్టె ఆటలను కూడ ఆడించగలదు, పైగా డి.వి.డి. సినిమాలను చూపగలదు. అందుచేత ఇంటిలో పిల్లలకూ పెద్దలకూ ఒకే పెట్టె ఉపయోగపడినది. ప్రపంచములో ఇది 15 కోట్ల 50 లక్షలకు పైగా అమ్ముడుపోయినది. ఇంతగా అమ్ముడుపోయిన ఇంటి ఆటపెట్టె మరియొకటి లేదు.

2006 నవంబరులో జపానులోను, 2007లో మన దేశములోను ప్లేస్టేషన్ 3 వచ్చినది. మన దేశములో దాని వెల దాదాపు 40 వేల రూపాయలు. ఆనాడు మధ్యతరగతి ఇంటికి అది చాల పెద్ద మొత్తము. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. తొలి నమూనాల తరువాత వచ్చిన ప్లేస్టేషన్ 3 పెట్టెలలో ప్లేస్టేషన్ 2 ఆటపళ్లెములు ఆడే సౌకర్యమును తీసివేసినారు. అనగా కొత్తపెట్టె కొన్నవాడు అంతవరకు కూడబెట్టుకొన్న ఆటలను వదులుకోవలెను, లేదా పాతపెట్టెను కూడ ఉంచుకోవలెను. మనవారు పాతదానిని ఉంచుకొన్నారు. చాలమంది కొత్తదానిని కొననే లేదు.

ఇక్కడనే మన తెలుగువారి పేరు ఈ చరిత్రలోనికి వస్తున్నది. భారతదేశములో పాతపెట్టెయే ఎక్కువ ఇండ్లలో ఉన్నదని గ్రహించి, కొత్తపెట్టె వచ్చిన మూడవ ఏట కూడ పాతదానికే ఆటలు తయారుచేసినది హైదరాబాదు. 2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ అనే సంస్థవారు "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆటను ప్లేస్టేషన్ 2కు తయారుచేసినారు. పూర్తిగా భారతదేశములో తయారైన మొదటి ప్లేస్టేషను ఆటగా అది ప్రచారము పొందినది. అదే సంవత్సరము హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థవారు "దేశీ అడ్డా" అనే ఆటల సంపుటిని ప్లేస్టేషన్ 2కే వెలువరించినారు.

ఈ రెండవదానిని గురించి కొంచెము నిదానముగా చెప్పుకొనదగినది. దేశీ అడ్డాలోని ఆటలు అమెరికా ఆటలు కావు, జపాను ఆటలు కావు. కబడ్డీ, గిల్లీదండ, గాలిపటములు, చేతిరాళ్ల ఆట. గిల్లీదండ అంటే మరేమో కాదు. మనము బిళ్లంగోడు అని, గోటీబిళ్ల అని, కన్నడ మిత్రులు చిన్నిదాండు అని పిలిచేదే. చేతిరాళ్లు మన ఆడపిల్లల గచ్చకాయల వంటివే. కరెంటు పోయినప్పుడు వీధిలో ఆడిన ఆటలు, కరెంటు ఉన్నప్పుడు ఆడే పెట్టెలోనికే వచ్చినవన్నమాట! పాతపెట్టెలోనికి అంతకంటె పాత ఆటలను తెచ్చినవారు తెలుగు నగరపు ఇంజనీర్లు. ఇది మనము గర్వించదగిన సంగతి. అయినను సత్యము చెప్పవలెను. హనుమంతుని ఆటను విమర్శకులు మెచ్చుకొనలేదు. దేశీ అడ్డా కూడ పెద్ద పేరు తెచ్చుకొనలేదు. ఎంత పేరు వచ్చినదనే లెక్క అట్లుండగా, ఈ ప్రయత్నము జరిగినదనే సంగతియే మన పిల్లలలో చాలమందికి తెలియదు. అదియే మా విచారము.

2013 జనవరిలో ప్లేస్టేషన్ 2 తయారీ నిలిచిపోయినదన్న వార్త వెలువడినది. పన్నెండేండ్లు దాటి బజారులో నిలిచిన పెట్టె అది.

ఇంతటితో కథ ముగిసినదని అందరు అనుకొన్నారు. కాని 2016 నవంబరులో నింటెండోవారు తమ 1980ల నాటి పెట్టెను అరచేతిలో ఇమిడేటంత చిన్నదిగా చేసి, 30 పాత ఆటలను అందులోనే నింపి విడుదల చేసినారు. దుకాణములలో అది దొరకక జనము వెదకులాడినారు. 2018 జూన్ నెలలో అమెరికాలో అమ్ముడుపోయిన ఆటపెట్టెల సంఖ్య లెక్కవేస్తే, సరికొత్త పెట్టెలన్నిటిని మించి ఈ పాతరూపు పెట్టెయే మొదట నిలిచినది. దీనిని చూచి సోనీవారు కూడ 2018 డిసెంబరులో తమ మొదటి ప్లేస్టేషనును చిన్నదిగా చేసి విడిచినారు. కాని ఎన్నిక చేసిన ఆటలు నచ్చక, ఆడే తీరు నచ్చక, జనము దానిని ఆదరించలేదు. దీనివలన ఒకటి స్పష్టమవుతున్నది. జనము పాత పేరుకు మోసపోరు. పాతదానిలో తమకు ప్రియమైన గుణము దొరికితేనే దానివద్దకు తిరిగివత్తురు.

ఆ గుణమేమిటో నింటెండోలో పనిచేసిన గుంపెయి యొకోయి అనే ఆయనకు ముందే తెలుసును. బాగా వాడుకలో పడి, చవుకై, లోపములన్నీ తెలిసిపోయిన పాత భాగములనే తీసుకొని, వాటికి కొత్త ఉపయోగము కనిపెట్టవలెనని ఆయన సిద్ధాంతము. 1989లో ఆయన బృందము తెచ్చిన చేతి ఆటపెట్టె గేమ్‌బాయ్‌కి రంగులు లేవు. మరుసటి ఏడు వచ్చిన సేగా గేమ్‌గేర్‌కు చక్కని రంగులున్నవి. కాని గేమ్‌బాయ్ నాలుగు చిన్న బ్యాటరీలతో పది, పదిహేను గంటలు ఆడేది. గేమ్‌గేర్ ఆరు బ్యాటరీలను మూడు నాలుగు గంటలలో మింగివేసేది. గెలిచినది ఏదో వేరే చెప్పనక్కరలేదు. గేమ్‌బాయ్, దాని తరువాతి రంగుల రూపము కలిసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

ఈనాటి పెట్టెలను చూతము. బొమ్మలు సినిమాను మించి ఉన్నవి. ఆ కళను కాదనలేము. కాని ఆదివారము పిల్లలు ఆడుకొందమని కూర్చుంటే, ముందుగా గంటసేపు ఏదో దిగుమతి కావలెను. తరువాత ఖాతా, రహస్యపదము, నెలచందా. రెండవ రిమోటు వేరుగా కొనవలెను. చాల ఆటలలో ప్రక్కనున్న తమ్మునితో ఆడే వీలు లేదు; ఎక్కడో ఉన్న ముఖమెరుగనివానితో ఆడవలెను. పాతపెట్టెలో మీట నొక్కగానే ఆట. అవ్వ తాతలు కూడ మంచముమీదనుండి చూచి "అటు దూకరా!" అని కేకవేయగల ఆట.

అంతకంటె పెద్ద చిక్కు సొంతపు హక్కులో ఉన్నది. క్యాసెట్టు కొన్నవానిది. తమ్మునికి ఇవ్వవచ్చు, మిత్రునికి అరువివ్వవచ్చు, అమ్ముకొనవచ్చు. ఇంటర్నెట్టు దుకాణములో కొన్న ఆట అట్లు కాదు. 2023 మార్చి 27న నింటెండోవారు 3డి.ఎస్., వీ యు అనే తమ పాతపెట్టెల దుకాణమును మూసివేసినారు. 2024 జూలైలో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్స్ 360 దుకాణమును మూసినారు. అక్కడ మాత్రమే అమ్మబడిన ఆటలను ఇక కొనడానికి వీలులేదు. అమ్మేది సొత్తు కాదు, వాడుకొనే అనుమతి మాత్రమేనని కొనేవారికి స్పష్టముగా చెప్పవలెనని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2025 జనవరినుండి చట్టమే అమలుపరచినారు. అమెరికాలో వీడియో గేము చరిత్ర సంస్థవారు 2023లో పరిశీలించి, 2010కి ముందు ఆ దేశములో వెలువడిన ఆటలలో 100కి 87 ఇప్పుడు బజారులో దొరకవని చెప్పినారు. అంత సంపన్న దేశములోనే అట్లుంటే, హైదరాబాదులో తయారైన ఆటలను, మన ఇండ్లలోని క్యాసెట్లను ఎవరు దాచుదురు? మనమే దాచవలెను.

దాచడములో ఒక చిన్న మెలకువ ఉన్నది. పిల్లలు తుపాకితో బాతులను కొట్టే ఆట చాల ఇండ్లలో ఉండేది. ఆ తుపాకినుండి ఏమీ బయటికి పోదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణము నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరము మెరుస్తుంది. తుపాకి గొట్టములోని కన్ను ఆ వెలుగును పట్టుకొంటుంది. ఇది పాత గాజుగొట్టపు టెలివిజనులోనే సాధ్యము. ఈనాటి పలుచని టెలివిజనులో వెలుగు కొంత ఆలస్యముగా రావడముచేత గురి కుదరదు. పెట్టెను ఉంచుకొని టెలివిజనును పాతసామానువానికి వేసినవారు, ఆటలో సగమును వేసినట్లే.

పాతపెట్టె ఉన్న ఇండ్లవారికి మా సూచనలు ఇవి. క్యాసెట్టును నోటితో ఊదవద్దు. ఊపిరిలోని తేమ ఇత్తడిరంగు పళ్లను తుప్పు పట్టిస్తుంది. పెన్సిలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, శుభ్రమైన బట్టతో తుడిస్తే చాలును. అడాప్టరు వేడెక్కుతుంటే మార్చవలెను. రిమోటు మీటలు పనిచేయకపోతే లోపలి నల్లని రబ్బరు బిళ్లలను తుడిచి చూడవలెను. ఆటపళ్లెములను నిలువుగా, ఎండ తగలనిచోట ఉంచవలెను. పెట్టెమీద ఏ సంవత్సరములో, ఏ ఊరిలో, ఎవరు కొన్నదో ఒక చీటీ వ్రాసి అంటించవలెను. వస్తువు ఒక్కటే ఉండి కథ పోతే, అది ఉత్త ప్లాస్టిక్కు.

కొత్తదానిని కొనవద్దని మా మాట కాదు. మన పిల్లలలో కొందరు బెంగుళూరు, హైదరాబాదులలో అటువంటి కొత్త ఆటలను తయారుచేసే ఉద్యోగములలోనే ఉన్నారు. వారు వృద్ధిలోనికి రావలెను. ఇంటిలో తెలుగును ఉంచుకొనే బడిలో కన్నడమును నేర్చినవారము మనము. పాతపెట్టెను ఉంచుకొనే కొత్తపెట్టెను ఆడడము మనకు కష్టము కాదు. ఈ ఉగాది సెలవులలో అటకమీద వెదకి, ఆ పెట్టెను దింపి, దుమ్ము దులిపి, ఒక రిమోటు పిల్లలకిచ్చి రెండవది పెద్దలు పట్టుకొనవలెనని కోరుతున్నాము. సంఘపు కుటుంబములన్నిటికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.